కాసిల్రే ప్రభువు

1991 డిసెంబరులో సోవియట్ యూనియను విచ్ఛిన్నమై, అమెరికాతో నలువదేండ్లకు పైబడి సాగిన స్పర్ధ ముగిసినపుడు, గెలిచిన పక్షము ఓడినవారియెడ నెట్లు వర్తింపవలెనను ప్రశ్న బయలుదేరెను. 1814లో ఇంగ్లండునకును అట్టి ప్రశ్నయే యెదురయ్యెను. ఫ్రాన్సుతో నూఱేండ్లకు మించిన వైరము నాడు ముగియుచుండెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడు టోరీపక్షపు విదేశాంగమంత్రి కాసిల్రే ప్రభువు. ఆతని చరిత్రమును మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఆతని అసలుపేరు రాబర్టు స్టూవర్టు. ఐర్లండులోని యొక భూస్వామి కుటుంబమున 1769 జూను 18వ తేదీని డబ్లిను నగరమున జన్మించెను. 1790లో సంస్కరణవాదిగా ఐర్లండు పార్లమెంటున ప్రవేశించినవాడే 1800లో ఆ పార్లమెంటు నంతమొందించి ఇంగ్లండుతో కలిపివేసెను. బిరుదులు, ఉద్యోగములు, ధనము ఎఱచూపి వోట్లు కూడగట్టిన ఆ కార్యమును మేము మెచ్చజాలము. కాథలిక్కులకు ఆశచూపిన హక్కులకు రాజు సమ్మతింపకపోగా, 1801లో ప్రధాని పిట్టుతోపాటు ఈతడును పదవి విడిచెననుట మాత్రము నిజము. 1802 మొదలు తూర్పు ఇండియా కంపెనీపై అజమాయిషీ చేయు బోర్డునకు అధ్యక్షుడై, వెల్లస్లీ మరాఠాలతో నడపిన వ్యవహారమును ప్రశ్నించెను గాని, ఆపలేదు. 1809లో సాటి మంత్రియగు కానింగుతో పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధమాడి ఆతని తొడను గాయపఱచెను. ఇట్టివాడు శాంతికర్త యగునని నాడెవరు తలంచిరి?

1812 మార్చిలో విదేశాంగశాఖ ఆతని చేతికి వచ్చెను. రెండేండ్లకు నెపోలియను కూలెను. 1814 మే నెలలో పారిసున జరిగిన సంధిలో ఫ్రాన్సునుండి యుద్ధపరిహారము పుచ్చుకొనలేదు. 1792 నాటి సరిహద్దులను విడిచిపెట్టిరి. వలసలను పెక్కింటిని తిరిగి యిచ్చిరి. కాకినాడ చెంతనున్న మన యానాము మరల ఫ్రెంచివారి పరమైనది ఈ సంధివలననే. 1954 వఱకు అచ్చట వారి పతాక మెగురుటకు మూలమిదియే. అయితే హిందూదేశమున కోటలు కట్టరాదనియు, పోలీసుపనికి మించిన సైన్యము నుంచరాదనియు నిబంధనలు చేర్చిరి. ఔదార్యమున లెక్క తప్పినవాడు కాడు!

వియన్నా మహాసభలో రష్యా పోలెండును, ప్రష్యా సాక్సనీని కోరగా, యుద్ధము తేవలదని లండను మంత్రివర్గము హెచ్చరించియున్నను, ఈతడు 1815 జనవరి 3వ తేదీని ఆస్ట్రియాతోను, నిన్నటి శత్రువగు ఫ్రాన్సుతోను రహస్యపు ఒడంబడిక చేసికొనెను. రష్యా, ప్రష్యాలు వెనుకకు తగ్గెను. వాటర్లూ పిదప ప్రష్యనులు ఫ్రాన్సును ముక్కలు చేయగోరిరి. ఇంగ్లండు ప్రజలును ప్రతీకారమునే కోరిరి. కాసిల్రే, వెల్లింగ్టనులు అడ్డుపడిరి. డెబ్బదికోట్ల ఫ్రాంకుల పరిహారము, కొన్నియేండ్ల సైనికాక్రమణము తప్పలేదు గాని, 1818లో సైన్యములు వెడలిపోయెను; ఫ్రాన్సు అగ్రరాజ్యముల సరసన కూర్చుండెను. ఓడినవానిని సభకు పిలుచుటకు మూడేండ్లు చాలెను.

రష్యా చక్రవర్తి అలెగ్జాండరు పన్నిన పవిత్రకూటమిలో ఈతడు చేరలేదు. ఫ్రాన్సును నిలువరించుటకు కుదిరిన మైత్రి పరదేశముల అంతరంగిక వ్యవహారములకు పోలీసు కారాదని 1820 మే నెలలో విస్పష్టముగ వ్రాసెను. స్పెయినునకు, నేపుల్సునకు వర్తించిన ఈ న్యాయము ఐర్లండునకును, మన దేశమునకును వర్తింపకపోవుటయే ఆతనియందు మాకు గల ఫిర్యాదు.

స్వదేశమున ఆతని పేరు వినిన జనులు పండ్లు కొఱికిరి. 1819 ఆగస్టులో మాంచెస్టరున సంస్కరణలు కోరి గుమిగూడిన నిరాయుధులపై అశ్వికదళము దుమికి ప్రాణములు తీసెను. పిమ్మట సభలను, పత్రికలను అణచు ఆఱు చట్టములను కామన్సుసభలో సమర్థించినవారిలో ఈతడు ముఖ్యుడు. పత్రికలవారమగు మాకు అది మఱపురానిది. పనిభారముచేత, భయభ్రాంతులచేత మతి చెదరి 1822 ఆగస్టు 12వ తేదీని కెంటులోని తన గృహమున చిన్న కత్తితో కంఠనాళమును కోసికొని మరణించెను. శవపేటిక వెస్టుమినిస్టరు ఆబీ ద్వారము చేరునపుడు వీథిలోని జనులు కేకలువేసి హర్షించిరి. ఆతని పదవి, నాడు తొడకు గుండుదెబ్బ తినిన కానింగునకే దక్కెను.