తనంత తానే తెరుచుకునే గేటు

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే నాడు మన స్టడీ హాలులోని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫోటోకు దండ వేస్తాము. ఆ తలపాగా, కోటు తప్ప ఆయన గురించి మాకు పెద్దగా తెలియదు. ఈ సంచిక కోసం చదివి తెలుసుకున్నవి మిత్రులతో పంచుకుంటున్నాము.

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. తెలుగు కుటుంబం. ఆయన పుట్టింది మాత్రం మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్ళిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి 1881లో బి.ఏ. పాసయ్యారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనాలో ఇంజనీరింగు చేశారు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసే మాకు ఈ మాట ఊరికే చదివి వదిలేయబుద్ధి కాలేదు.

1884లో బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరుగా చేరారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం నిండితే మిగిలిన నీరంతా అలుగు దూకి పోయేది. కట్ట ఎత్తు పెంచాలంటే ఖర్చు. అలుగు మీద గేట్లు పెడితే నీరు నిలుస్తుంది, కానీ అర్ధరాత్రి వరదొస్తే ఎత్తేదెవరు? ఆలస్యమైతే కట్టకే ముప్పు. 1903లో ఆయన పెట్టించిన గేట్లకు మనిషి అక్కర్లేదు. నీరు నిర్ణీత మట్టం దాటితే వాటంతటవే తెరుచుకుంటాయి, వరద తగ్గితే మూసుకుంటాయి. కట్ట పెంచకుండానే సుమారు 8 అడుగుల నీరు ఎక్కువ నిలిచింది.

ఇది మాకు సరిగా అర్థమైంది ప్రొక్లెయిన్ నడిపే మా సీనియర్ అన్న వివరించాకే. ప్రొక్లెయిన్‌లో ఇంజను పంపును తిప్పుతుంది, పంపు నూనెను తోస్తుంది, ఆ నూనె బలంతో బకెట్ కదులుతుంది. బకెట్ బండకు తగిలి ఆగితే నూనెకు దారి లేక ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఆ ఒత్తిడే ఒక చిన్న వాల్వును స్ప్రింగుకు ఎదురుగా నెడుతుంది. దాంతో పంపు లోపలి పళ్ళెం వాలు తగ్గి, పిస్టన్ల ఆట తగ్గి, పంపు తోసే నూనె తగ్గుతుంది. ఇంకా మించితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని నూనెను తిరిగి ట్యాంకులోకి వదులుతుంది. ఇవేవీ లేకపోతే ఇంజను ఆగిపోతుంది, లేదా పైపు పగులుతుంది. ఏ బలాన్ని అదుపు చేయాలో ఆ బలమే వాల్వును కదిలిస్తుందన్న మాట. ఖడక్‌వాస్లాలో నీరు చేసిందీ అదే.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వచ్చి, ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

1912లో మైసూరు దివాన్ అయ్యారు. ఇక్కడొక సంగతి దాచకూడదు. బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న ఆలోచన ఆయనకు నచ్చలేదు. ప్రతిభ ఒక్కటే చూడాలన్నది ఆయన పట్టు. మహారాజుతో అభిప్రాయభేదం వచ్చి 1918లో పదవి వదిలారు. మేము ఈ హాస్టల్లో అన్నం తిని చదువుకుంటున్నది ఆయన కాదన్న అలాంటి ఆలోచన వల్లనే. స్కాలర్‌షిప్‌తో పైకొచ్చిన వారికి ఆ సంగతి ఎందుకు తట్టలేదో మాకు అంతుపట్టలేదు.

1955లో భారతరత్న అందుకుని, నూరేళ్ళు నిండాక 1962లో కన్నుమూశారు.

ఫోటో తీసేద్దామని కొందరు, గేటు గొప్పతనం గేటుదేనని కొందరు, రాత్రి భోజనాల దగ్గర పెద్ద వాదనే జరిగింది. చివరికి ఫోటో ఉంచాము. 1918 సంగతి మాత్రం సంచికలో వేయాల్సిందేనని అందరం ఒప్పుకున్నాము.