ఇబ్న్ అన్నఫీస్

13వ శతాబ్దారంభమున డమాస్కస్ ప్రాంతమున జన్మించి, కైరోలో ప్రధాన వైద్యుడైన ఇబ్న్ అన్నఫీస్‌ను మనము మరువరాదు. హృదయపు క్రింది గదుల నడిమి గోడలో రంధ్రములున్నవన్న గాలెన్ సిద్ధాంతమును, ఇబ్న్ సీనా గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచు 1242లో ఆయన త్రోసిపుచ్చెను. రక్తము ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపు చేరునని నిర్ణయించెను. మహావైద్యులిద్దరిని కాదనుటకు అప్పటికి ఆయన వయస్సు ముప్పదికి మించదు!

అయితే పై గదుల నడుమ, గర్భస్థ శిశువునకుండు ద్వారము సుమారు నలుగురిలో ఒకరికి పెద్దయిన పిదపయు పూర్తిగా మూతపడదు. మా మండపేట కాలువగట్టులోని పీతబొరియ వంటిది. నీరు నిలకడగానున్నంతకాలము దాని ఉనికియే తెలియదు. రోగిని కూర్చుండబెట్టి మెదడుకు శస్త్రచికిత్స చేయునపుడు సిరలలో చొరబడిన గాలిబుడగలు, ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకొని, ఆ ద్వారమున ఎడమవైపునకు దాటి మెదడు ధమనులను మూయగలవు. పక్షవాతము రావచ్చును. అందుచేతనే అట్టి చికిత్సకు ముందు ఎకో పరీక్షతో ఆ ద్వారమును వెదకుట మేలు.

1288లో కైరోలో కన్నుమూసిన ఆ మహనీయుడు తన ఇంటిని, గ్రంథములను మన్సూరీ ఆసుపత్రికి ఒసగెను. ఆయన వ్యాఖ్య వ్రాతప్రతిని 1924లో బెర్లిన్‌లో ఈజిప్టు వైద్యుడు అల్ తతావీ వెలికితీసెను.