మూగజీవి మనసు నెఱిగిన పావ్లోవ్

కుక్కతోక వంకర యను సామెత నెఱుగనివారు మనలో లేరు. ఎంత శ్రమపడినను కుక్క స్వభావము మారదని దాని భావము. వాకిట మొఱిగిన కుక్కను కఱ్ఱతో కొట్టుదుము. దీపావళినాడు బాణసంచా మ్రోతకు బెదరి మంచము క్రింద దూరిన కుక్కను కసరి యీవలకు లాగుదుము. అది యేల అట్లు చేయుచున్నదని యడుగువారు అరుదు. అట్లడిగి, సమాధానము కొఱకు మూడు దశాబ్దములకు పైగా ఓర్పుతో కుక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞుడు ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్. ఆయన కోరినది కుక్కలకు శిక్షణ నిచ్చుట కాదు, మెదడు పనిచేయు తీరు నెఱుగుట. అయినను నేడు పెంపుడు కుక్కల భయములను, దురలవాట్లను మాన్పు విద్యకు ఆయన కృషి యొక గట్టి పునాది.

పావ్లోవ్ 1849 సెప్టెంబరు 26వ తేదీన రష్యాలోని ర్యజాన్ పట్టణమున ఒక మతాచార్యుని యింట పెద్దకొడుకుగా జన్మించెను. బాల్యమున ఎత్తైన చోటినుండి పడి గాయపడుటచే పదునొకండవ యేట గాని బడిలో చేరలేకపోయెను. తండ్రి మార్గమున మతవిద్యాలయములో చదువుచుండగా, మెదడును గూర్చి సేచెనొవ్ వ్రాసిన గ్రంథ మాయన చేతబడెను. మనసు పోకడలను గూడ శరీరశాస్త్రముతో వివరింపవచ్చునన్న భావము ఆయన జీవితమును మలుపు త్రిప్పెను. 1870లో మతవిద్యను విడిచి, సెయింట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదువబోయెను. 1881లో సెరాఫిమాను వివాహమాడెను. చాలకాలము దారిద్ర్యము వీడలేదు. తొలి బిడ్డ పసితనముననే మరణించెను. 1890లో ఆచార్య పదవి లభించునప్పటికి ఆయనకు నలువదియేండ్లు దాటినవి.

ఆయన మొదట చేపట్టినది జీర్ణక్రియ. శస్త్రచికిత్సలో ఆయన హస్తలాఘవము గొప్పది. కుక్క శరీరమున చిన్న మార్గ మేర్పఱచి, అది కోలుకొని మామూలుగా తిని తిరుగుచుండగనే, ఏ ఆహారమునకు ఏ రస మెంత ఊరునో కొలిచెను. ఈ కృషికే 1904లో నోబెల్ బహుమాన మాయనకు లభించెను. ఆ గౌరవమందిన తొలి రష్యను ఆయనయే.

ఈ పనిలోనే ఒక చిక్కు కనబడెను. ఆహారము నోట బడకముందే కుక్కకు లాలాజల మూరుచుండెను. పళ్ళెమును చూచినను, తిండి తెచ్చు మనిషి అడుగుల చప్పుడు విన్నను ఊరుచుండెను. మఱొకరైనచో దీనిని ప్రయోగమునకు ఆటంకముగా నెంచి విడిచియుందురు. ఏబదియేండ్ల వయసున, పేరుప్రతిష్ఠలు తెచ్చిన విషయమును ప్రక్కకు నెట్టి, పావ్లోవ్ ఈ చిన్న వింత వెంట నడచెను. కుక్క యేమి తలచుచున్నదో ఊహించుట మాని, కంటికి కనబడునది, కొలువ వీలగునది మాత్రమే వ్రాయవలెనని శిష్యులకు నియమము పెట్టెను. 1903లో మాడ్రిడ్ నగరమున జరిగిన వైద్యసభలో తన క్రొత్త మార్గమును లోకమునకు తెలిపెను.

ఆ మార్గ మిది. తాళయంత్రమును టిక్కుటిక్కుమనిపించి వెంటనే ఆహారము పెట్టవలెను. కొన్ని మారులైన పిమ్మట ఆ చప్పుడు మాత్రమే విన్నను లాలాజల మూరును. దీనికే నిబంధిత ప్రతిచర్య యని పేరు. పావ్లోవ్ అనగానే గంట గుర్తునకు వచ్చును గాని, ఆయన తాళయంత్రమును, దీపమును, చర్మముపై స్పర్శను గూడ విరివిగా వాడెను. చప్పుడు చేసి ఆహారము పెట్టకున్నచో ఊరుట క్రమముగా తగ్గి ఆగిపోవును. కొంత విశ్రాంతి పిదప మరల కొంత కనబడును. మానిన అలవాటు మఱల తలయెత్తినంత మాత్రమున శిక్షణ వ్యర్థమైనదని కుక్కల యజమానులు నిరాశపడ నక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

1914లో ఆయన ప్రయోగశాలలో ఒక కుక్కకు వృత్తమును చూపి ఆహార మిచ్చిరి. అండాకృతిని చూపి ఇయ్యలేదు. కుక్క భేదమును చక్కగా గ్రహించెను. అండాకృతిని కొంచెము కొంచెముగా గుండ్రముగా మార్చుచు పోగా, ఇక భేదము తెలియని స్థితి వచ్చెను. అంతవఱకు నెమ్మదిగానున్న కుక్క కేకలుపెట్టి, గింజుకొని, పరికరములను కొఱుకజొచ్చెను. మన యిండ్లలో జరుగునది దీనికి దూరము కాదు. మీదికెగిరిన కుక్కను పిల్లలు ముద్దుచేయుదురు. అదే పనికి తండ్రి ఉతికిన బట్టలు మాసినవని కొట్టును. ఏది తగునో ఏది తగదో తెలియని జీవి కలతచెందుటలో వింత యేమి?

ఆయన శిష్యురాలు ఎరోఫేయెవా చేసిన ప్రయోగము మఱొకటి. చర్మమునకు విద్యుత్తు సోకించిన వెంటనే ఆహార మిచ్చుచుండగా, కొంతకాలమునకు కుక్క పెనుగులాట మాని లాలాజల మూర్చెను. బాధయే భోజనమునకు సంకేతమాయెను. ప్రయోగము కఠినమే. కాని అందలి సూత్రమును నేటి శిక్షకులు బాధ లేకుండ వాడుచున్నారు. టపాకాయల మ్రోతను మొదట మిక్కిలి సన్నగా వినిపించి, వెంటనే కుక్క కిష్టమైన తిండి నిచ్చి, అది బెదరనంత మేరకే మ్రోతను రోజురోజునకు పెంచుదురు. భయమును కఱ్ఱ తొలగింపలేదు. క్రొత్త అనుబంధము తొలగించును.

1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడును వరద ముంచెను. కుక్కల గూళ్ళలోనికి నీరు చేరగా, సేవకులు వాటిని ఈదించి ప్రయోగశాలకు చేర్చిరి. ప్రాణములు దక్కినవి గాని, కొన్ని కుక్కలు నేర్చినదంతయు మఱచినవి. కొంతకాలమునకు అట్టి యొక కుక్క యున్న గదిలోనికి తలుపు క్రిందుగా కొంచెము నీరు పాఱించినంతనే అది మరల కలవరపడెను. సరిగా నూఱేండ్లకు, 2024 సెప్టెంబరులో, బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినపుడు ఎన్నో మూగజీవులు నీటిపాలైనవి. అట్టి ఆపద దాటిన కుక్క వానచప్పుడుకు వణకినచో దానిని పిఱికిదనుట న్యాయమా?

1921లో లెనిన్ ప్రత్యేకాజ్ఞతో ప్రభుత్వ మాయన ప్రయోగశాలకు అండగా నిలిచినను, అన్యాయముగా తోచిన అరెస్టులను ఖండించుచు ఆ ప్రభుత్వమునకే ఆయన లేఖలు వ్రాసెను. 1936 ఫిబ్రవరి 27న, ఎనుబదియాఱవ యేట, న్యుమోనియాతో కన్నుమూసెను. అంతకు ముందేడు, ఆయన కోరికపై, ప్రయోగాత్మక వైద్యసంస్థ తోటలో కుక్కకు స్మారక విగ్రహము వెలసెను. ఆయన విజ్ఞానమునకు వెల చెల్లించినవి ఆ కుక్కలే. అవి తమ యిచ్ఛతో వచ్చినవి కావు. ఆ ఋణమును ఆయన మఱువలేదు. దానివలన లాభపడు మనమును మఱువరాదు.

ఋణము తీర్చుటకు దారి కష్టమైనది కాదు. చెప్పు కొఱికిన గంటకు ఇల్లు చేరి కుక్కను కొట్టినచో, దెబ్బను అది చెప్పుతో గాక యజమాని రాకతో జతపఱచుకొనును. కావున మంచి పని చేసిన క్షణముననే మెచ్చవలెను. చెప్పును అందనిచోట పెట్టవలెను. ఇంటిల్లిపాదియు ఒకే కట్టుబాటు పాటింపవలెను. కుక్క హఠాత్తుగా కోపిష్ఠిదైనచో లోపల నొప్పి యున్నదేమో పరీక్ష చేయింపవలెను. అందులకు మన గన్నవరముననే పశువైద్య కళాశాల కలదు.

తన వెంట నడచిన శునకమును విడిచి స్వర్గమైనను వలదన్న ధర్మరాజు కథ మనకు కొత్త కాదు. ఆ దయకు పావ్లోవ్ కృషి వలన తెలివి తోడైనది. లెక్కల గంట మ్రోగగనే బెత్తమును తలచి వణకు బాలుడు ఏ తరగతిలోనైన నున్నచో, ఉపాధ్యాయులకు ఈ సూత్రము వేఱుగ చెప్పనక్కఱ లేదు. చేయెత్తుటకు ముందు, దీనికి మునుపేమి జరిగినదని యొక్కమా ఱడిగిన చాలును.