దైవసేవకుడు జూలియస్ నైరేరే: మంచివాని చేతిలో అధికారం



పదవిలో కూర్చున్న మనిషి మంచివాడైతే చాలు, మిగిలినవన్నీ వాటంతట అవే చక్కబడతాయని మనం తరచుగా అనుకుంటాం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర వినిపించే మాటే ఇది. ఈ వారం మీకు నిజంగా మంచివాడైన ఒక పాలకుని జీవితం చెబుతాను. ఆయన మన కతోలిక విశ్వాసి. లంచం ఎరుగడు. పదవిలో ఉన్నా వీలైనప్పుడల్లా దినపూజకు వెళ్ళేవాడు. అయినా ఆయన పాలనలో లక్షలాది పేద రైతులు కన్నీరు పెట్టుకున్నారు. ఎందుకిలా జరిగిందో మనం శాంతంగా ఆలోచించాలి.

ఆయన పేరు జూలియస్ నైరేరే. తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకా దేశంలో, విక్టోరియా సరస్సుకు తూర్పున ఉన్న బుతియామా గ్రామంలో 1922 ఏప్రిల్ 13న జన్మించాడు. తండ్రి జనాకి అనే చిన్న తెగకు పెద్ద. పన్నెండేళ్ళు వచ్చేదాకా బడి ముఖం చూడలేదు. తరువాత మాత్రం చదువులో అందరినీ మించాడు. 1943లో జ్ఞానస్నానం పొంది జూలియస్ అనే పేరు తీసుకున్నాడు. మకెరెరెలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, టబోరాలో మన మిషనరీ గురువులు నడిపే పునీత మరియమ్మ పాఠశాలలో పాఠాలు చెప్పాడు. 1949లో స్కాట్లాండులోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1952లో ఎం.ఏ. పట్టాతో తిరిగివచ్చాడు. మరుసటి ఏడాది మరియాను వివాహమాడాడు.

1954 జూలై 7న స్వాతంత్ర్యం కోసం టాను అనే పార్టీ ఏర్పడింది. దానికి నాయకుడు నైరేరే. ఉద్యోగమా, రాజకీయమా తేల్చుకోవలసి వచ్చినప్పుడు 1955లో బడిపంతులు పని వదులుకున్నాడు. అయినా ప్రజలు చివరిదాకా ఆయనను మ్వాలిము అనే పిలిచారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు మాస్టారు అని అర్థం. 1961 డిసెంబరు 9న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన ప్రధానమంత్రి అయ్యాడు, ఏడాదికి అధ్యక్షుడయ్యాడు. 1964లో జాంజిబార్ ద్వీపం కలవడంతో ఆ దేశమే టాంజానియా అయింది.

ఇక్కడినుండి కథ రెండు దారుల్లో నడుస్తుంది.

ఒకవైపు ఆయన నిరాడంబరత చూడండి. 1967 ఫిబ్రవరి 5న వెలువడిన అరూషా ప్రకటన ప్రకారం పార్టీ నాయకులు, పెద్ద అధికారులు కంపెనీల్లో వాటాలు పెట్టుకోరాదు, ఇళ్ళు అద్దెకివ్వరాదు, రెండు జీతాలు తీసుకోరాదు. ఇతరులకు చెప్పినదాన్ని ఆయన తానూ పాటించాడు. ఊరూరా బడులు తెరిపించాడు. పెద్దలకు అక్షరాలు నేర్పించాడు. నూటికి పైగా తెగలున్న దేశాన్ని స్వాహిలీ భాషతో ఒక్క కుటుంబంగా కలిపాడు. చుట్టుపక్కల దేశాల్లో తెగల మధ్య నెత్తురు పారుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

రెండోవైపు, 1962లోనే కోర్టు విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించే చట్టం వచ్చింది. 1965లో రాజ్యాంగం మార్చి, ప్రధాన భూభాగంలో టాను తప్ప మరో పార్టీ ఉండరాదన్నారు. పార్లమెంటు ఎన్నికల్లో ఇద్దరు పోటీ చేసేవారు, ఇద్దరూ ఆ పార్టీవారే. ఒకరికి పార గుర్తు, మరొకరికి ఇల్లు గుర్తు. అధ్యక్ష పదవికైతే ఒక్కడే అభ్యర్థి. 1966లో కొందరు విద్యార్థులు ప్రభుత్వ నిర్ణయాన్ని నిరసిస్తూ ఊరేగింపు తీస్తే, దాదాపు 400 మందిని చదువు మాన్పించి ఇళ్ళకు పంపించాడు. అదే రోజు తన జీతాన్ని కూడా ఐదో వంతు తగ్గించుకున్నాడు. ఆయన మంచితనమూ కాఠిన్యమూ ఆ ఒక్కరోజే పక్కపక్కన కనిపిస్తాయి. 1969లో శ్రీసభ నడిపే పాఠశాలలు కూడా ప్రభుత్వం చేతిలోకి వెళ్ళాయి. మన రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చిన హక్కు విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది.

అన్నిటికంటె పెద్దది గ్రామాల సంగతి. అక్కడి రైతులు మనలా ఒకచోట ఊరు కట్టుకుని ఉండేవారు కాదు. ఎవరి చేలో వారు గుడిసె వేసుకుని దూరదూరంగా బతికేవారు. అందరూ ఒకచోట చేరితే బడి, మంచినీరు, మందులు అందించవచ్చనీ, కలిసి సేద్యం చేసుకోవచ్చనీ నైరేరే తలపోశాడు. ఉద్దేశం మంచిదే. మొదట ఇష్టమున్నవారే రావాలన్నారు. వచ్చినవారు కొద్దిమందే. 1973లో, మూడేళ్ళలోగా అందరూ గ్రామాల్లో చేరి తీరాలని ఆజ్ఞ వెలువడింది. లారీలు వచ్చాయి. కొన్నిచోట్ల, వెనక్కి పోకుండా, పాత ఇళ్ళకు నిప్పు పెట్టారు. దాదాపు 50 లక్షల మందిని అలా తరలించారని అంచనా.

ఒక్క క్షణం మీ సంగతిగా ఊహించండి. మాఘమాసంలో కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చేలో ప్రత్తి తీత సగంలో ఉంది. ఒక అధికారి వచ్చి, మీ మంచికే, రేపు బండెక్కండి అన్నాడు. వద్దనడానికి మీకు పంచాయతీ లేదు, సంఘం లేదు, వేరే పార్టీ లేదు. ఎవరితో చెప్పుకుంటారు? అక్కడ సరిగ్గా అదే జరిగింది. 1972లో స్థానిక ప్రభుత్వాలను రద్దుచేశారు. విక్టోరియా సరస్సు దక్షిణాన ప్రత్తి రైతులు స్వాతంత్ర్యానికి ముందే కష్టపడి కట్టుకున్న సహకార సంఘాలు కూడా 1976లో మిగతా సంఘాలతోపాటు పోయాయి. కరువుకు ఈ తరలింపు తోడై, 1974, 75 సంవత్సరాల్లో దేశం తిండిగింజలు దిగుమతి చేసుకోవలసి వచ్చింది.

ప్రియులారా, దావీదు రాజు కూడా దేవునికి ఇష్టుడే. అయినా ఘోరమైన తప్పు చేశాడు. కాని ఆయన దర్బారులోకి నాతాను ప్రవక్త నడిచి రాగలిగాడు, రాజు ముఖంమీదే తప్పు చూపగలిగాడు. నైరేరే తన ఇంటి తలుపులు మూసుకున్నవాడు కాదు. కాని నాతానులు వచ్చే దారులు, అంటే పంచాయతీలు, సంఘాలు, ఎదుటి పార్టీ, ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చిన్న సమాజం తనకు తాను చేసుకోగలిగిన పనిని పెద్ద సమాజం లాగేసుకోవడం అన్యాయమని 11వ పియూస్ పాపుగారు 1931లోనే బోధించారు. గమ్యం మంచిదైనంత మాత్రాన బలవంతపు మార్గం మంచిది కాదని మన నీతిశాస్త్రం చెబుతుంది. ఈ రెండు సూత్రాలకు టాంజానియా రైతుల కన్నీరే వ్యాఖ్యానం.

అయితే ఆయన కథ అక్కడ ముగియలేదు. 1984లో, ఇంకా అధ్యక్ష పదవిలో ఉండగానే, స్థానిక ప్రభుత్వాలనూ సహకార సంఘాలనూ రద్దు చేయడం తమ పొరపాటని బహిరంగంగా ఒప్పుకున్నాడు. 1985లో ఎవరూ దించకుండానే పదవి దిగాడు. 1990లో పార్టీ అధ్యక్షతనూ వదిలాడు. తరువాత ప్రభుత్వం ప్రజాభిప్రాయం సేకరిస్తే ఎక్కువమంది ఒకే పార్టీ చాలన్నారు. అయినా పలు పార్టీలకు తలుపు తెరవాలనే ఆయన వాదించాడు. తాను కట్టిన గోడను కూల్చమని తానే చెప్పాడన్నమాట. 1992లో చట్టం మారింది. బుతియామాకు తిరిగివెళ్ళి సేద్యం చేసుకున్నాడు, సువార్తలను స్వాహిలీ పద్యాల్లోకి మార్చాడు. 1995లో మన దేశపు గాంధీ శాంతి బహుమతి తొలిసారి ఆయనకే లభించింది. 1999 అక్టోబరు 14న లండనులో రక్తకేన్సరుతో మరణించి, సొంత ఊరి మట్టిలో విశ్రమించాడు. 2005లో ముసోమా మేత్రాసనం ఆయన ధన్యత కోసం పరిశీలన ప్రారంభించింది. దైవసేవకుడని శ్రీసభ ఆయనను పిలుస్తోంది.

గ్రామాల్ని బలవంతాన కదిలించిన మనిషి పునీతుడెలా అవుతాడని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. తీర్పు శ్రీసభకు వదిలేద్దాం. అయితే పునీతులంటే తప్పు చేయనివారు కారు. తప్పు తెలిసినప్పుడు దాన్ని దాచుకోనివారు. ఆ గుడిసెలు కాలిన రైతులనూ మన ప్రార్థనలో మరువకూడదు.

ఇక మన ఇంటి సంగతి. మనకు దేశాలు లేవు, కాని ఇళ్ళున్నాయి. పిల్ల పెళ్ళి, కొడుకు చదువు, చేలో ఏ పంట వెయ్యాలి అన్నవి ఆ ఇంటి పెద్ద ఒక్కడే నిర్ణయిస్తే, అది ఒకే పార్టీ రాజ్యమే. విచారణ సంఘంలో మా గురువుల మాటే చివరి మాట అయితే, అదీ అంతే. ఈ శనివారం పాపసంకీర్తనానికి వచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా ఇంట్లో నాతో వద్దు అనగలిగే ధైర్యం ఎవరికుంది? నేనూ ఆ ప్రశ్న వేసుకునే పాపసంకీర్తనానికి వెళ్తాను.