ఊరు విడిచి ఊరు కట్టిన ఆంధ్రరత్న

సంవత్సరాది సంచికలో మన పెద్దలలో ఒకరిని తలచుకొనడం మనకు ఆచారం. ఈ ఏడు ఎవరిని గూర్చి వ్రాయుదుమా అని ఆలోచించినప్పుడు, హచ్చొళ్ళి చుట్టుపట్ల మన క్యాంపులలో నలుగురు కూడినచోటల్లా వినిపించే మాట ఒకటి మాకు జ్ఞాపకం వచ్చినది. ఇంటిపన్ను పెరిగినదనీ, అంగడికి లైసెన్సు కావలసివచ్చినదనీ, బండి నిలుపుకొనడానికి కూడా రుసుము చెల్లించాలనీ మనవారు విసుగుకొనడం మామూలే. మనలను అడగకుండా చేసిన నిబంధన మన నెత్తిన ఎందుకు పడవలెనన్నది ఆ విసుగులో దాగిన ప్రశ్న. ఇదే ప్రశ్నను నూరేండ్లకు పూర్వం ఒక ఊరు ఊరంతా అడిగినది. అడిగి ఊరకుండక ఇల్లూ వాకిలీ విడిచి బయటికి నడచినది. ఆ ఊరు చీరాల. దానిని నడిపించినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. పుట్టినచోటు విడిచి తుంగభద్ర కాలువ వెంట కొత్త ఊళ్ళు కట్టుకొన్న మనకు వారి కథ కొంత దగ్గరిదిగా తోచడంలో వింత లేదు.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పుట్టిన మూడవనాటికే తల్లి సీతమ్మగారు గతించారు. మూడేండ్ల ప్రాయంలో తండ్రి కోదండరామస్వామిగారు కూడా పోయారు. నాయనమ్మ, పినతండ్రి పెంపకంలో కూచినపూడిలోను గుంటూరులోను పెరిగారు. చదువు ముగిసిన తరువాత బాపట్ల తాలూకా కచేరీలో కొంతకాలం గుమాస్తాగా పనిచేశారు. సర్కారు కాగితం ఎట్లు పుట్టి, ఎట్లు నడచి, పేదవాని గుమ్మంలోకి ఎట్లు వచ్చి వాలునో వారు అక్కడ కళ్ళారా చూచి ఉంటారని మేము అనుకొంటున్నాము.

ఆ కొలువులో వారి మనసు నిలువలేదు. 1911లో మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో కలిసి సీమకు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి ఎం.ఏ. పట్టం పుచ్చుకొన్నారు. అక్కడ ఉన్న రోజులలోనే ఆనంద కుమారస్వామిగారితో పరిచయమై, ఇద్దరూ కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ గ్రంథం 1917లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారి ముద్రణగా వెలువడినది. స్వదేశానికి తిరిగివచ్చి రాజమహేంద్రవరంలోను, మచిలీపట్నం జాతీయ కళాశాలలోను ఉపాధ్యాయులుగా ఉన్నారు. ఎక్కడా ఎక్కువకాలం ఇమడలేదు. చివరకు చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పారు. ఆశుకవిత్వం, హాస్యం, సంగీతం, పురాణ ప్రసంగం వీరికి పుట్టుకతో వచ్చిన విద్యలు. సీమలో చదివినవారు నేతగాని అరుగుమీద కూర్చుండి అతని భాషలోనే మాట్లాడేవారంటే, ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు.

అప్పటి చట్టం స్థితి కొంచెం చెప్పుకొనకపోతే తరువాతి కథ బోధపడదు. చెన్నరాజధానిలో 1884 నాటి రెండు శాసనాలు స్థానిక వ్యవహారాలను నడిపేవి. పల్లెలకు, చిన్న ఊళ్ళకు లోకల్ బోర్డుల చట్టం. దాని కింద కొన్ని ఊళ్ళు కలిసిన యూనియన్ ఉండేది. పట్టణాలకు జిల్లా మునిసిపాలిటీల చట్టం. 1920లో దానికి మారుగా కొత్త చట్టం వచ్చినది. మన సిరుగుప్ప తాలూకా కూడా 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేవరకు చెన్నరాజధాని కిందిదే కనుక, చీరాలను కట్టిన తాడే హచ్చొళ్ళిని కూడా కట్టినది. యూనియన్‌గా ఉన్నంతకాలం పన్ను తేలిక. మునిసిపాలిటీ అయిన నాటినుంచి ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండిపన్ను వస్తాయి. బజారుకు, కబేళాకు, దుర్వాసన కలిగించే వృత్తులకు, అపాయకరమైన సరుకు నిలువకు లైసెన్సులు వస్తాయి. వీధిలోకి అరుగు చాచినా, మురుగునీరు బయటికి వదలినా జుల్మానా పడుతుంది. వీటికి ఉపనిబంధనలు వ్రాసే అధికారం కౌన్సిలుదే అయినా, ప్రభుత్వం ఆమోదించనిదే అవి చెల్లవు.

ఈ ఏర్పాటంతా చెడ్డదని మేము అనబోము. కలరా, మశూచి ఏటేటా ఊళ్ళను ఊడ్చిపెట్టే కాలమది. చెత్త తీయించాలి, మంచినీరు కావాలి, బజారులో కల్తీని అరికట్టాలి. ఇవన్నీ డబ్బు లేనిదే జరిగే పనులు కావు. అయితే ఆ డబ్బు ఎవరు ఇవ్వగలరు, ఎంత ఇవ్వగలరు, ఇచ్చినదానికి ప్రతిఫలంగా ఏమి దొరుకుతుంది అని ఇచ్చేవానినే అడగాలి. చీరాలలో జరగనిది అదే.

చీరాల, పేరాల జంట గ్రామాలు. అన్నీ కలిపి పదిహేనువేల జనాభా. ఎక్కువమంది నేతపనివారు, మిగిలినవారు చిన్న వర్తకులు, రైతులు. 1919లో ప్రభుత్వం ఈ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసినది. యూనియన్ నాడు ఏటా నాలుగువేల రూపాయలుగా ఉన్న పన్ను నలభైవేలకు చేరుతుందన్న మాట ఊరంతా పాకినది. మగ్గం మీద దినమంతా కూర్చుంటే తప్ప పొయ్యి రాజుకొనని ఇంటికి పదిరెట్ల పన్ను అంటే ఏమిటో లెక్క చెప్పనక్కరలేదు. ప్రజలు అర్జీలు పెట్టుకొన్నారు. ఫలితం లేకపోయినది. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామాలిచ్చారు. ప్రభుత్వం జీతగాడైన చైర్మనును నియమించి పాలన సాగించినది. ద్వంద్వ ప్రభుత్వం వచ్చిన తరువాత స్థానిక స్వపరిపాలనా శాఖ మన తెలుగువారే అయిన పానగల్లు రాజావారి చేతిలో ఉన్నది. అయినా చీరాల బరువు దిగలేదు. పన్ను కట్టనివారిని జైలుకు పంపారు. అట్లు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది.

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైనది. దేశం నలుమూలల నుంచి వచ్చిన జనసమూహాన్ని అదుపులో ఉంచే భారం గోపాలకృష్ణయ్యగారి రామదండు వహించినది. కాషాయపు దుస్తులు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ ధరించిన వాలంటీర్లు లాఠీ లేకుండా, కేకలు లేకుండా అంత జనాన్ని దారిలో పెట్టడం చూచి వచ్చినవారు ఆశ్చర్యపడ్డారు. ప్రజాశాంతి అంటే పోలీసు ఉత్తరువు మాత్రమే అనుకొనేవారికి అది మంచి సమాధానం.

ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. వారు రెండు దారులు చూపారు. అహింసతో పన్ను నిరాకరించి ఫలితం అనుభవించడం ఒకటి. మునిసిపాలిటీ ఎల్లలు దాటి వెళ్ళిపోవడం రెండవది. ఎల్ల బయట ఉన్నవానిపై మునిసిపల్ పన్ను వేయడానికి చట్టంలో చోటు లేదు. అయితే కష్టనష్టాలు ప్రజలే భరించాలనీ, కాంగ్రెసు ధనసహాయం మీద ఆశ పెట్టుకొనవద్దనీ వారు ముందే తెలిపారు. ఈ రెండవ దారి మనకు కొత్తది కాదు. పన్నుల భారం మోయలేని రైతు నాగలి భుజాన వేసుకొని పొరుగుసీమకు పోవడం దత్తమండలాలలో పూర్వం నుంచీ ఉన్నదే. అంతకు ముందు ఏడే, 1920లో, వేలాది మహమ్మదీయులు హిజ్రత్ పేరిట ఆఫ్‌గనిస్తానానికి తరలిపోయి నానా అగచాట్లు పడి తిరిగివచ్చారు. అది ఎదుట ఉండగానే చీరాల కదలినది.

పదిహేనువేల మందిలో పదమూడువేలకు పైగా ఊరు విడిచారు. ఎల్ల బయట తాటాకు పాకలు వేసుకొని, ఆ కొత్త వాడకు రామనగరమని పేరు పెట్టుకొన్నారు. నేతవారి ఇల్లు కదలడమంటే సామాను కట్టుకొని పోవడం కాదు. గుంటమగ్గం నేలలో దిగినది. దానిని విడదీయవచ్చును గాని గుంటను మోసుకొని పోలేము. కొత్తచోట మళ్ళీ గుంట తవ్వాలి, పడుగు పరవడానికి చోటు చూడాలి, వాన వస్తే నూలు తడవకుండా కాచుకొనాలి. పని నిలిచిన ప్రతి దినమూ పస్తుతో సమానం. ఇంత తెలిసీ వారు కదలారు.

మాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది ఇక చెప్పబోయే సంగతి. నిబంధనలు వద్దని వచ్చినవారు రామనగరంలో నిబంధనలు లేకుండా బ్రతకలేదు. ప్రతినిధుల సభను ఏర్పరచుకొన్నారు. తగవులు తీర్చుకొనడానికి పంచాయతీ పెట్టుకొన్నారు. వాడను కాచే పని రామదండు చూచుకొన్నది. తాటాకు ఇండ్ల వాడలో ఒక నిప్పురవ్వ చాలు. బావిదగ్గర ఒక తగవు చాలు. కనుక కట్టుబాటు తప్పనిసరి. చీరాలలో నిరాకరించినది కట్టుబాటును కాదు. తమ నోరు మూసి తమపై విధించిన కట్టుబాటును. ఈ భేదం తెలియనివారికి గోపాలకృష్ణయ్యగారి జీవితం వట్టి పన్ను ఎగవేత కథగా కనిపిస్తుంది.

పదకొండు నెలలు గడిచాయి. ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల మీదుగానే పోయినవి. డబ్బు అయిపోయినది. నిధి కూర్చుటకై గోపాలకృష్ణయ్యగారు బరంపురం వెళ్ళారు. అక్కడ ఉపన్యాసం ఇవ్వరాదని అధికారులు 144వ సెక్షను కింద ఉత్తరువు అందించారు. వారు దానిని లెక్కచేయలేదు. ఒక ఏడు జైలుశిక్ష పడి తిరుచినాపల్లి చేరారు. నాయకుడు చెరలో, నిధి శూన్యం. 1922లో ప్రజలు ఒకరి వెనుక ఒకరు పాత ఇండ్లకు తిరిగిపోయారు. ఆ ఏటనే గుంటూరు జిల్లాలో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వాన భూమిశిస్తు నిరాకరించారు. చీరాల ఓడినా, చీరాల చూపిన తెగువ ఓడలేదని దానివల్ల తెలుస్తున్నది.

ఈ కథలో గెలుపు మాత్రమే చూచి మురిసిపోవడం మాకు ఇష్టం లేదు. పదకొండు నెలల నష్టాన్ని భరించినవారు ఎక్కువగా పేదలు. నాయకునికి చరిత్రలో పేరు మిగిలినది. గుంట పూడిపోయిన నేతగానికి అప్పు మిగిలినది. గోపాలకృష్ణయ్యగారు ఆ బరువు తాము తప్పించుకొనలేదు. చెరనుంచి వచ్చిన తరువాత కూడా దారిద్ర్యం వారిని విడువలేదు. క్షయవ్యాధి పట్టుకొన్నది. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిది ఏండ్లు నిండిన ఎనిమిది దినాలకే, కన్నుమూశారు. ఎడింబరో పట్టం చూపి పెద్ద కొలువు సంపాదించుకొనగలిగినవారు, కావాలని కోరి ఈ దారి పట్టారు.

మనం ఈనాడు ఉన్నది పరాయి దొరతనంలో కాదు. మన పంచాయతీకి వోటు మనదే. నిబంధన నచ్చకపోతే గ్రామసభలో లేచి అడిగే హక్కు చీరాల నేతగానికి లేదు, మనకు ఉన్నది. అయినా మనలో ఎందరం ఆ సభకు పోతున్నాము? పన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు విసుగుకొని, లెక్క చదివే రోజున పొలం పని ఉన్నదని తప్పుకొంటున్నాము. భాష కన్నడమనీ, ఊరు మనది కాదనీ సాకు చెప్పుకొంటున్నాము. ఇక్కడ ఇల్లు కట్టి, ఇక్కడ పిల్లలను కన్నవారికి ఊరు మనది కాదనే మాట చెల్లదు. పక్కింటి కన్నడ సోదరుని తోడు తీసుకొని పోయి, మురుగుకాలువకు ఎంత ఖర్చయినదో, బజారు రుసుము ఎందుకు పెంచారో అడుగుదాము. అడిగినదానికి సరియైన జవాబు వస్తే సంతోషంగా కడదాము.

ఊరు విడవడం ఎంత కష్టమో మన తాతలకు తెలుసు. విడిచినచోట ఊరు కట్టడం అంతకంటె కష్టమని మనకు తెలుసు. ఉగాది పచ్చడిలో చేదు ముందు తగిలినా తినడం మానము. ఆంధ్రరత్నగారి జీవితంలోని చేదును, తీపిని కలిపి ఈ పండుగనాడు మన పిల్లలకు చెప్పుదాము. పాఠకులకు, వారి కుటుంబాలకు, మనకు చోటిచ్చిన ఈ నేలకు శుభం కలుగుగాక.