ఏఎస్ రావు నగర్‌ల రావు ఎవలు?

కంగ్టి నుంచి పని కోసం పట్నం పోయిన పోరగాళ్లకు ఏఎస్ రావు నగర్ ఎర్కే. ఆడ రూం కిరాయి ఎంతని అడుగుతం గని, ఆ రావు ఎవలని ఎన్నడన్న అడిగినమా?

ఆయన పేరు అయ్యగారి సాంబశివరావు. 1914ల గోదావరి దిక్కు మోగల్లు అనే పల్లెల పుట్టిండు. కాశీల ఫిజిక్స్ చదివి ఆడనే పాఠాలు చెప్పిండు. అమెరికాల స్టాన్‌ఫర్డ్ పోయి ఇంజనీరింగ్ చదివి మళ్ల దేశానికే వచ్చిండు. ట్రాంబేల 1956ల నడిచిన మన మొదటి అణు రియాక్టర్ అప్సర కంట్రోల్ సిస్టం ఆయన టీం చేసిందే.

1967ల హైదరాబాద్‌ల ఈసీఐఎల్ షురువైంది. దాన్ని నిలబెట్టింది ఈ రావుసారే. అప్పట్ల కంప్యూటరంటే విదేశీ కంపెనీల దగ్గర కిరాయికి తెచ్చుకునుడే ఎక్కువ. గసోంటి టైంల, రెండేండ్లకే, ట్రాంబేల మనోళ్లు గీసిన డిజైన్‌తోటి టీడీసీ-12 కంప్యూటర్‌ను ఈసీఐఎల్ తయారు చేసి అమ్మింది. మీ చేతిల ఫోన్ ముందట దాని తాకత్ ఏం లేదు. అయినా అది మన చేతులతోటి చేసుకున్నది.

2003ల రావుసార్ కాలం చేసిండు. మనం ఓటేసే ఈవీఎంలు చేసే రెండు సర్కారు కంపెనీలల్ల ఈసీఐఎల్ ఒకటి.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, కంప్యూటర్ కోర్సంటే టైపు కొట్టుడే కాదు. మన సర్కారు బడులల్ల దాన్ని విప్పి, లోపల ఏమున్నదో చూపెట్టే సారు కావాలె. గది అడుగుండ్రి.