రహస్య రేడియో నడిపిన ఉషా మెహతా

ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టిన రోజులు మన సభ్యులకు గుర్తుండే ఉంటాయి. వానకోసం ఎదురుచూసే మా ముదిగుబ్బ వేరుశనగ రైతుకు ఆ పెట్టే దిక్కు. వినడానికే లైసెన్సు కావలసిన దేశంలో, అనుమతి లేకుండా ప్రసారమే చేసిన ఒక విద్యార్థిని చరిత్ర మన మనవలు, మనవరాళ్లు తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉషా మెహతా 1920 మార్చి 25న సూరత్ దగ్గరి సరస్ గ్రామంలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో న్యాయాధికారి. 1928లో, ఎనిమిదేళ్ల వయసులోనే, ఆమె సైమన్ కమిషన్ వ్యతిరేక ఊరేగింపులో నడిచారు. సర్కారు ఉద్యోగి ఇంట్లో అది ఎంత ఇబ్బందో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1930లో తండ్రి పదవీ విరమణతో ఆ అడ్డు తొలగింది. 1932లో కుటుంబం బొంబాయి చేరింది.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలుకాగానే 1939లో ప్రభుత్వం కొత్త హామ్ రేడియో లైసెన్సులు ఆపి, ఉన్నవారి ట్రాన్స్‌మిటర్లను అప్పగించమంది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం రావడంతో నాయకులు జైలు పాలయ్యారు, పత్రికలకు సెన్సారు పడింది. అప్పుడు ఉషా మెహతా, చంద్రకాంత్ ఝవేరి మొదలైనవారు నరీమన్ ప్రింటర్ అనే హామ్ సాయంతో కాంగ్రెస్ రేడియో స్థాపించారు. రామ్‌మనోహర్ లోహియా వారికి అండగా నిలిచారు. ప్రసారం 42.34 మీటర్లపైన, అంటే సుమారు 7.08 మెగాహెర్ట్జ్. నేడు అది హామ్‌ల పరిధిలోనిదే. కాని లైసెన్సున్న హామ్ సైతం తోటి హామ్‌తో మాట్లాడవచ్చు గాని, జనానికి వార్తలు, పాటలు వినిపించరాదు. పోలీసులకు చిక్కకుండా స్టేషనును ఇల్లు మార్చి ఇల్లు తిప్పారు. చివరకు సాంకేతిక సాయం చేసిన మనిషే జాడ చెప్పడంతో నవంబరు 12న పట్టుబడ్డారు. ఆరు నెలల విచారణలో ఆమె నోరు విప్పలేదు. నాలుగేళ్ల శిక్ష పడింది. 1946లో విడుదలయ్యారు.

జీవితమంతా నియమాల ప్రకారం ఫైళ్లు నడిపిన గుమాస్తాను నేను. అనుమతిలేని ప్రసారాన్ని సమర్థించను. అది పోలీసు, విమానాల సందేశాలకు అడ్డుపడితే ప్రాణాలకే ముప్పు. కాని ఆమె మీరినది పరాయి పాలన చట్టాన్ని. స్వలాభం చూసుకోలేదు, శిక్షను తప్పించుకోలేదు. ఆ తేడా పిల్లలకు మనమే చెప్పాలి.

తరువాత ఆమె డాక్టరేటు పొంది, బొంబాయి విల్సన్ కళాశాలలో బోధించి, 1980లో పదవీ విరమణ చేశారు. ఆ తరువాత కూడా గాంధీ స్మారక సంస్థల పని మానలేదు. 1998లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2000 ఆగస్టు 11న కన్నుమూశారు. పింఛను పుచ్చుకుంటూ ఖాళీగా కూర్చున్న మన బోటివారికి ఆ చివరి ఇరవై ఏళ్లు కూడా పాఠమే.